సోషల్ టీచర్లు ఏడాదికి 50 గంటల శిక్షణ ఎలా పూర్తి చేయాలి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారికి

జూన్‌లో బడులు తెరవగానే సోషల్ టీచర్లు ఏటా అడిగేవి ఇవే ప్రశ్నలు. "లెక్కలకీ ఇంగ్లిషుకీ ట్రైనింగులు వరసగా పెడతారు, మాకేమున్నాయి?" "ఉన్నా ఎవరికి పేరివ్వాలి?" "ఆ సర్టిఫికెట్లు ఎక్కడ పనికొస్తాయి?"

ఉన్నాయి. కాకపోతే అన్నీ ఒకచోట దొరకవు, కొన్ని పిలిస్తే గానీ వెళ్లలేనివి, కొన్ని మనమే మొదలుపెట్టుకోవలసినవి. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి ఉపాధ్యాయుడూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తి నైపుణ్యం పెంచుకోవడానికి కేటాయించాలంటుంది. ఆ 50 గంటలను తరగతి గదిలో కనిపించేలా ఎలా వాడుకోవాలో చెప్పడమే ఇక్కడి పని. డిపార్ట్‌మెంటల్ పరీక్షలు, టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) ఇందులో కలపలేదు. అవి ఉద్యోగానికీ పదోన్నతికీ సంబంధించినవి. వాటికి చదివిన గంటలు పాఠం చెప్పడాన్ని మార్చవు.

ముందు దగ్గర పెట్టుకోవలసినవి

- మీ ట్రెజరీ ఐడీ, బడి యూడైస్ కోడ్ (ప్రతి బడికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య), సర్వీస్ రిజిస్టర్‌లో మీ పేరు ఎలా రాసి ఉందో ఆ అక్షరాలు ఒక కాగితం మీద
- మీకంటూ ఒక ఈమెయిల్. బడి ఈమెయిల్‌తోనో పిల్లల ఫోన్‌తోనో కోర్సుల్లో చేరకండి, బదిలీ అయితే అన్నీ పోతాయి
- నిరుడు పిల్లలు రాసిన సమ్మేటివ్ పరీక్ష (టర్ము చివరి పెద్ద పరీక్ష) జవాబు పత్రాలు 20
- 200 పేజీల నోటుబుక్ ఒకటి, ప్లాస్టిక్ ఫోల్డరు ఒకటి
- మీ మండలం ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో తేల్చుకున్న సమాచారం

ఆఖరిది చిన్న విషయంగా తీసుకోవద్దు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు ప్రకాశం నుంచి కందుకూరు వైపు మండలాలు నెల్లూరులోకీ, అద్దంకి, పర్చూరు, చీరాల వైపువి బాపట్లలోకీ వెళ్లాయి. తర్వాత కూడా సరిహద్దులు మారాయి. శిక్షణకు నామినేషన్ డీఈఓ (జిల్లా విద్యాధికారి) కార్యాలయం నుంచి వెళ్తుంది కాబట్టి పాత జిల్లాకు పంపిన దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది.

1. ఏ పాఠం నడవట్లేదో తేల్చుకోండి

ఏదైనా కోర్సు వెతికే ముందు ఆ 20 జవాబు పత్రాలు ముందేసుకోండి. పది బాగా చదివే పిల్లలవి, పది వెనకబడిన పిల్లలవి అయితే మంచిది. ఒక్కో పత్రంలో ఐదు రకాల ప్రశ్నలు విడిగా చూడండి: పటంలో గుర్తించడం, ఇచ్చిన పేరా చదివి వ్యాఖ్యానించడం, పట్టిక లేదా గ్రాఫు చదవడం, కారణాలూ ఫలితాలూ చెప్పడం, సొంత అభిప్రాయం రాయడం. ఎక్కడ సగానికి మించి పిల్లలు ఖాళీగా వదిలేశారో, పుస్తకంలో వాక్యాలే దించారో అక్కడ మీకు శిక్షణ కావాలి.

పదో తరగతికి 2024-25 నుంచి ఎన్‌సిఈఆర్‌టి పాఠ్యపుస్తకాలు వచ్చాక ఈ తేడా బాగా బయటపడింది. చరిత్ర పాఠాల్లో బొమ్మలు, ఉత్తరాలు, పత్రికా రాతలు పెట్టెలు కట్టి ఆధారాలుగా ఇచ్చి ప్రశ్నలు అడుగుతారు. పిల్లలు ఆ పెట్టెల్లో ఉన్నవి వదిలేసి పాఠం మాత్రమే చదువుతారు. చాలా బడుల్లో టీచర్లూ వాటిని దాటేస్తారు, ఎందుకంటే వాటిని ఎలా చెప్పాలో మనకెవరూ నేర్పలేదు.

ఇక్కడ జరిగే తప్పు ఒకటే: "నాకు అన్నీ కావాలి" అనుకోవడం. ఏడాదికి రెండు బలహీనతలు చాలు. నోటుబుక్ మొదటి పేజీలో రాసుకోండి.

2. ఏడాది క్యాలెండరు గీసుకోండి

జూన్ రెండో సగం నుంచి సెప్టెంబరు దాకా ఆన్‌లైన్ కోర్సులకు మంచి కాలం. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి సగం దాకా మన రెండు జిల్లాల్లో ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండాలు. కోటలూ గుళ్లూ శాసనాలూ చూసే పనులు అప్పుడు పెట్టుకుంటే సగం ఆగిపోతాయి. వాటికి డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అనువు. మార్చిలో పదో తరగతి పరీక్షల డ్యూటీలు, ఏప్రిల్‌లో స్పాట్ వాల్యుయేషన్ (జవాబు పత్రాలు దిద్దే పని) ఉంటాయి కనుక ఆ రెండు నెలల్లో ఏదీ పెట్టుకోకండి.

గంటల పంపకం ఉజ్జాయింపుగా ఇలా ఉంటే కుదురుతుంది: శాఖ పెట్టే శిక్షణలు, కాంప్లెక్స్ మీటింగులు (చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే సమావేశాలు) 15 గంటలు; కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక దీక్షాలో కోర్సులు 15; తోటి టీచర్లతో కలిసి స్థానిక చరిత్ర పని 12; చదువు, వ్యాసం రాయడం 8. మొత్తం 50. చివరి రెండూ అధికారిక లెక్కలోకి వస్తాయా అన్నది ముందే మీ హెచ్ఎంను అడగండి. రాకపోయినా మానొద్దు, నిజంగా పనికొచ్చేవి అవే.

3. దీక్షా కోర్సులు ఇలా పూర్తి చేయండి

కేంద్రం టీచర్ల కోసం నడిపే శిక్షణ కార్యక్రమం నిష్ఠా. దాని ఆన్‌లైన్ కోర్సులు దీక్షా వేదికలోనే ఉంటాయి. 2019లో ఎలిమెంటరీ స్థాయికి మొదలైన నిష్ఠా, 2021లో మాధ్యమిక స్థాయికి కూడా వచ్చింది. మాధ్యమిక స్థాయిలో అందరికీ ఉమ్మడి కోర్సులు 12, వాటితో పాటు ఎవరి సబ్జెక్టు బోధన మీద వారికి ఒకటి. ఒక్కో కోర్సు 3 నుంచి 4 గంటల పని.

చేరేటప్పుడు ప్రొఫైల్‌లో రాష్ట్రం, జిల్లా, బడి సరిగ్గా నింపండి. పేరు సర్వీస్ రిజిస్టర్‌లో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా, పొడి అక్షరాలా పూర్తి పేరా అన్నది ఒకటే పద్ధతిలో పెట్టండి. సర్టిఫికెట్ వచ్చాక పేరు సవరించడం పెద్ద తలనొప్పి.

కోర్సులో ప్రతి వీడియో, ప్రతి కాగితం చివరిదాకా తెరిచి చూడాలి. మధ్యలో ముందుకు జరిపితే నూటికి నూరు శాతం కాదు, 97 దగ్గరో 98 దగ్గరో ఆగిపోతుంది. సర్టిఫికెట్‌కు చివరి పరీక్షలో 70 శాతం రావాలి, ప్రయత్నాలు మూడే. అందుకే మొదటిసారి ఊరికే నొక్కి చూడకండి. ప్రశ్నలు ఎలా ఉంటాయో తెలియాలంటే మధ్యలో వచ్చే చిన్న పరీక్షలు చాలు.

"అన్నీ పూర్తిచేశాను, సర్టిఫికెట్ రాలేదు" అనే మాట తరచూ వినబడుతుంది. వరసగా ఇవి చూడండి:

- నెట్ లేనప్పుడు పాఠాలు డౌన్‌లోడ్ చేసుకుని చూశారా? అయితే నెట్ ఉన్నచోట యాప్ తెరిచి కోర్సు పేజీలో మెనూ నుంచి పురోగతిని సింక్ చేయాలి. అది చేయకపోతే మీరు చూసిన సంగతి సర్వర్‌కు తెలియదు.
- రెండు లాగిన్‌లు వాడారా? ఒకసారి గూగుల్ ఖాతాతో, ఇంకోసారి ఫోన్ నంబరుతో లోపలికి వెళ్తే మీరు ఇద్దరు వేర్వేరు మనుషులుగా నమోదవుతారు.
- బ్యాచ్ ముగింపు తేదీ దాటిందా? దాటితే అప్పటిదాకా చేసింది లెక్కలోకి రాదు, తర్వాతి బ్యాచ్‌లో చేరాలి.
- పై మూడూ సరిగ్గా ఉంటే రెండు వారాలు ఆగండి. వెంటనే రాకపోవడం మామూలే.

ఫోన్‌లో వీడియో నడుస్తుండగా వంటపనో బండిమీద ప్రయాణమో చేయడం అందరికీ తెలిసిన సంగతే. గంటలు నిండుతాయి గానీ తరగతిలోకి ఏమీ రాదు. ఒక్కో కోర్సు నుంచి "రేపు పాఠంలో చేసే ఒక పని" అని నోటుబుక్‌లో ఒకే వాక్యం రాయండి. రాయడానికేమీ దొరకకపోతే ఆ కోర్సు మీకు అవసరం లేనిదే.

4. కాంప్లెక్స్ మీటింగు, డైట్, ఐఏఎస్ఈ

కాంప్లెక్స్ మీటింగులను చాలామంది హాజరు సంతకానికే పరిమితం చేస్తారు. సబ్జెక్టు వారీగా కూర్చున్నప్పుడు మాత్రం అంత తక్కువ ఖర్చులో దొరికే శిక్షణ ఇంకోటి లేదు. ఒక పని చేయండి: మొదటి అడుగులో తేల్చుకున్న బలహీనత మీద పది నిమిషాల నమూనా పాఠం చెప్తామని ముందుగానే రిసోర్స్ పర్సన్‌కు చెప్పండి. పాఠం చెప్పాక తోటివాళ్లను రెండే అడగండి: ఎక్కడ పిల్లలకు అర్థం కాదు, ఎక్కడ నేను ఎక్కువ మాట్లాడాను. వచ్చిన సలహాలను మినిట్స్‌లో రాయించండి, తర్వాత ఆధారంగా పనికొస్తాయి.

నెల్లూరు జిల్లాకు డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) పల్లెపాడులో, ప్రకాశం జిల్లాకు ఒంగోలు దగ్గర మైనంపాడులో ఉన్నాయి. నెల్లూరులో ప్రభుత్వ ఐఏఎస్ఈ (ఉపాధ్యాయ విద్యలో ఉన్నత అధ్యయన సంస్థ) కూడా ఉంది. ఇవి డీఎడ్, బీఎడ్ కాలేజీలే కదా అనుకోకండి. పాఠ్య ప్రణాళికలు, మాడ్యూళ్లు రాసే వర్క్‌షాపులకు రాసేవాళ్లు కావాలి. సోషల్‌కు ముందుకొచ్చేవాళ్లు తక్కువ. మీ బోధన అనుభవం, రాసిన పాఠం ఒకటి, చేసిన టీఎల్ఎం (బోధనోపకరణాల) ఫొటోలు జతచేసి హెచ్ఎం ద్వారా ఒక్క పేజీ లేఖ పంపండి. జిల్లా రిసోర్స్ పర్సన్‌గా ఒకసారి వెళ్తే మీరు నేర్చుకునేది, కింద కూర్చుని విన్నదానికంటే చాలా ఎక్కువ.

పల్లెపాడు వెళ్లినవాళ్లు అదే ఊళ్లో పెన్న ఒడ్డున ఉన్న పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం చూడకుండా రాకండి. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించిన చోటది. సహాయ నిరాకరణ పాఠం చెప్పేటప్పుడు పిల్లలకు చంపారన్ ఎంత దూరమో అది అంత దగ్గర.

5. సీసీఆర్‌టీకి వెళ్లాలంటే

సోషల్ టీచర్లకు బయటి శిక్షణల్లో అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం (సీసీఆర్‌టీ) 1979లో ఏర్పడింది. ప్రధాన కేంద్రం ఢిల్లీలో, మనకు దగ్గరి ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్ మాదాపూర్‌లో. మ్యూజియాలను, కట్టడాలను, తోలుబొమ్మలను, హస్తకళలను పాఠంలోకి ఎలా తేవాలో నేర్పే వర్క్‌షాపులు, ఓరియెంటేషన్ కోర్సులు నడుస్తాయి.

నేరుగా వెళ్లి చేరడం కాదు, విద్యాశాఖ నామినేట్ చేయాలి. సర్క్యులర్ డీఈఓ కార్యాలయానికి వస్తుంది, అక్కడి నుంచి వాట్సాప్ గ్రూపుల్లోకి చేరేసరికి గడువు రెండు మూడు రోజులే మిగులుతుంది. కాబట్టి సర్క్యులర్ కోసం ఎదురుచూడకండి. జూలైలోనే "ఈ విద్యా సంవత్సరంలో సీసీఆర్‌టీ శిక్షణకు నా పేరు పరిశీలించగలరు" అని హెచ్ఎం, ఎంఈఓ (మండల విద్యాధికారి)ల ద్వారా డీఈఓకు లేఖ పెట్టండి. లేఖ అందినట్టు కార్యాలయం వేసే ఇన్‌వార్డ్ నంబరు తీసుకోండి. సంస్థ వెబ్‌సైటులో శిక్షణల పట్టిక చూసి కోర్సు పేరు, తేదీలు లేఖలో రాస్తే సంబంధిత గుమాస్తాకు పని తేలికవుతుంది.

పిలుపు వచ్చాక:

- రిలీవింగ్ ఆర్డరు (బడి నుంచి శిక్షణకు పంపుతున్నట్టు ఇచ్చే ఉత్తర్వు) చేతికి రాకుండా రైలెక్కకండి. నోటిమాట అనుమతితో వెళ్లినవాళ్లకు ఆ రోజులు ఆన్ డ్యూటీగా కాక సెలవుగా పడిన సందర్భాలున్నాయి.
- ప్రయాణ ఖర్చు ఎంతవరకు ఇస్తారు, బస ఎలా అన్నవి పిలుపు ఉత్తర్వులో చదవండి. టికెట్లు రెండు వైపులవీ దాచండి.
- అక్కడ వేర్వేరు రాష్ట్రాల టీచర్లుంటారు. తరగతులు హిందీ, ఇంగ్లిషుల్లో సాగుతాయి. వచ్చీరాని భాషతో మొహమాటపడి వెనక కూర్చుంటే సగం పోతుంది.
- మన ప్రాంతం గురించి మాట్లాడే అవకాశం వస్తుంది. ఉదయగిరి చెక్క గరిటెలో చెంచాలో నాలుగు, ఒంగోలు గిత్త ఫొటోలు, భైరవకోన గుహాలయాల చిత్రాలు పట్టుకెళ్లండి. భైరవకోనలో ఒకే కొండను తొలిచిన ఎనిమిది గుడులున్న సంగతి బయటి రాష్ట్రాల వాళ్లకే కాదు, మనలో చాలామందికీ తెలియదు.
- ముగింపులో హాజరు ధ్రువపత్రంలో మొదటి రోజు, చివరి రోజు తేదీలు, ఉదయమా మధ్యాహ్నమా అన్నది ఉందో లేదో అక్కడే చూసుకోండి. ఇంటికొచ్చాక దిద్దించడం అయ్యే పని కాదు.

నామినేషన్ రాకపోతే? వారసత్వ కట్టడాలు, కళల పరిరక్షణకు పనిచేసే ఇన్‌టాక్ సంస్థ బడుల్లో హెరిటేజ్ క్లబ్బులు పెట్టిస్తుంది, టీచర్లకు వర్క్‌షాపులు జరుపుతుంది. బడి తరఫున హెచ్ఎం ద్వారా క్లబ్బు నమోదు చేసుకోవచ్చు.

6. స్వయం, దూరవిద్య, మైసూరు

కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయంలో చరిత్ర, రాజనీతి, అర్థశాస్త్రం కోర్సులు ఉచితంగా వినవచ్చు. సర్టిఫికెట్ కావాలంటే అసైన్‌మెంట్లు వేళకు పెట్టాలి, రుసుము కట్టి పరీక్ష కేంద్రంలో రాయాలి. చాలామంది పోగొట్టుకునేది పరీక్ష నమోదు తేదీని. కోర్సులో చేరడం వేరు, పరీక్షకు నమోదు వేరు. పరీక్ష కేంద్రం నెల్లూరులో ఇస్తున్నారా, ఒంగోలులో ఇస్తున్నారా అని నమోదు రోజే చూడండి.

ఇగ్నోలో గానీ వేరే విశ్వవిద్యాలయంలో గానీ ఎంఏ చరిత్ర చేయదలిస్తే మూడు జాగ్రత్తలు. కోర్సుకు యూజీసీ దూరవిద్యా విభాగం గుర్తింపు ఆ ఏడాదికి ఉందా చూడాలి, నిరుడు ఉంది కదా అని ఈ ఏడాదీ ఉంటుందనుకోవద్దు. చేరకముందే శాఖ అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. డబ్బు కడితే పరీక్ష రాయనక్కర్లేదని చెప్పే స్టడీ సెంటర్ల వైపు చూడనే వద్దు. అలాంటి డిగ్రీ సర్టిఫికెట్ల పరిశీలనలో దొరికితే ఉద్యోగానికే ముప్పు.

మైసూరులోని ఎన్‌సిఈఆర్‌టి ప్రాంతీయ విద్యా సంస్థ పరిధిలోనే మన రాష్ట్రం ఉంది. అక్కడ గైడెన్స్, కౌన్సెలింగ్ డిప్లొమా ఏడాది కోర్సు: ఆరు నెలలు దూరవిద్య, మూడు నెలలు అక్కడే ఉండి, మూడు నెలలు సొంత ఊళ్లో ఇంటర్న్‌షిప్. ఇది చరిత్రకు సంబంధించింది కాదు. కానీ పౌరశాస్త్రం చెప్తూ పిల్లల సమస్యలు వినేది ఎక్కువగా సోషల్ టీచర్లే కనుక ఆలోచించదగ్గది. మూడు నెలలు బడి వదలాలి కాబట్టి ప్రత్యామ్నాయ టీచర్ సంగతి తేలకుండా దరఖాస్తు పెట్టకండి.

7. ఊరి చరిత్ర మీద కలిసి పనిచేయండి

అసలు శిక్షణ ఇక్కడుంది. దీనికి ఎవరి ఉత్తర్వూ అక్కర్లేదు. మండలంలో ఐదారుగురు సోషల్ టీచర్లు చాలు. పదిమంది దాటితే అందరికీ ఒకే ఆదివారం కుదరదు. నియమం ఒకటే పెట్టుకోండి: ఒక్కో విడతకు ఒక చోటు, ఒక ఆధారం, ఒక పాఠం. మూడు గంటల పని, ఏడాదికి నాలుగు విడతలు.

శాసనంతో మొదలుపెట్టేవారు

రాయి దగ్గరికి వెళ్లేముందు అచ్చయిన పాఠం చదవండి. నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి 1905లో మూడు సంపుటాలుగా అచ్చువేశారు. అప్పటి నెల్లూరు జిల్లాలో ఒంగోలు, కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి కూడా కలిసి ఉండేవి, అందుకే ప్రకాశం టీచర్లకూ అదే మొదటి మెట్టు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఊరి పేరుతో వెతికితే పాత స్పెల్లింగు వల్ల దొరక్కపోవచ్చు. తాలూకా పేరుతో వెళ్లి ఊళ్లు ఒక్కొక్కటీ చూడండి.

రాయి దగ్గర అక్షరాలు కనబడటం లేదని సున్నం, పసుపు, నూనె, చాక్‌పీసు పొడి రుద్దకండి. రాయి పాడవుతుంది, రక్షిత కట్టడమైతే నేరం కూడా. కావలసింది పక్కవాటు వెలుతురు. ఉదయం 7 నుంచి 8 లోపు, లేదా సాయంత్రం పొద్దు వాలేటప్పుడు ఫొటో తీయండి. మండపంలో చీకటిగా ఉంటే ఒకరు టార్చిని రాతికి దాదాపు ఆనించి పక్క నుంచి వేయాలి, ఇంకొకరు ఎదురుగా నిలబడి తీయాలి. ఎదురుగా ఫ్లాష్ కొడితే అక్షరాలన్నీ మాయమవుతాయి. పక్కన 15 సెంటీమీటర్ల స్కేలు పెట్టండి. మొత్తం రాయి ఒక ఫొటో, తర్వాత నాలుగైదు పంక్తుల చొప్పున, ఒకదాని చివరి పంక్తి తర్వాతిదానిలో మళ్లీ వచ్చేలా.

తేదీ మార్చడంలో అందరూ జారేది ఒకచోటే. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. కానీ శాసనంలో పుష్యం చివర, మాఘం, ఫాల్గుణం లాంటి నెలలుంటే అది జనవరి ఒకటి దాటిన కాలం, 79 కలపాలి.

తరగతికి తేవడానికి మోటుపల్లి అభయ శాసనం మంచి ఉదాహరణ. ఇప్పుడు ఆ ఊరు బాపట్ల జిల్లాలో ఉన్నా ఒంగోలు వాళ్లకు దూరమేమీ కాదు. కాకతీయ గణపతిదేవుడు శక 1166లో, అంటే 1244-45లో, సముద్ర వర్తకులకు ఇచ్చిన హామీ అది. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును మునుపటి రాజులు మొత్తం లాక్కునేవారనీ, తాను నిర్ణీత సుంకం మినహా మరేమీ తీసుకోననీ చెప్పాడు. సరుకులో ముప్పయ్యో వంతు సుంకం. కర్పూరం, ముత్యాలు, దంతం లాంటి సరుకుల పేర్లూ ఉంటాయి. తొమ్మిదో తరగతి పిల్లలకు అనువాదం చేతికిచ్చి నాలుగు ప్రశ్నలు వేయండి. ఎవరు ఎవరికి మాటిస్తున్నారు? అంతకుముందు ఏం జరిగేదని చెబుతున్నాడు? ముప్పై వేల విలువైన సరుకుకు సుంకం ఎంత? మునుపటి రాజుల గురించి ఈయన చెప్పిన మాట నమ్మాలంటే ఇంకేం చూడాలి? నాలుగో ప్రశ్న మీద పిల్లలు వాదించుకోవడం మొదలుపెడితే ఆధారాన్ని చదవడం వాళ్లకు వచ్చినట్టే.

స్థలపురాణాన్నీ శాసనాన్నీ కలిపేయకండి. గుడి పూజారి చెప్పే కథ విలువైనదే, జనం ఏం నమ్మారో చెబుతుంది. నోటుబుక్‌లో రెండూ రెండు వేర్వేరు వరసల్లో రాయండి.

మనుషుల జ్ఞాపకంతో మొదలుపెట్టేవారు

నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంటలో మొదలై జిల్లా అంతా పాకిన సారా వ్యతిరేక ఉద్యమం మన పిల్లల నాయనమ్మలు నడిపినది. అక్షరాస్యత తరగతుల్లో చదివిన సీతమ్మ కథ నుంచి సారా దుకాణాల ముందు ధర్నాల దాకా సాగి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధానికి దారితీసింది. ఆ ఉద్యమానికి ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ పేరు అందరికీ తెలుసు. పేరు తెలియని వాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు, వయసు మీదపడుతోంది. వాళ్ల మాటలు ఇప్పుడు రాసుకోకపోతే ఇక దొరకవు.

ముందు అనుమతి అడగండి, రికార్డు చేస్తున్న సంగతి చెప్పండి, బడిలో వినిపించవచ్చా అని విడిగా అడగండి. పేరు వద్దంటే వద్దు. ఒక విడతకు 45 నిమిషాలు మించొద్దు. "ఏ సంవత్సరం?" అని అడిగితే తప్పే చెబుతారు. "84 తుఫానుకు ముందా, తర్వాతా?", "పెద్దబ్బాయి అప్పుడు ఏ క్లాసు?" అని అడిగితే దగ్గరగా వస్తుంది. "ఉద్యమం గురించి చెప్పండమ్మా" అన్న ప్రశ్నకు నాలుగు పొడి వాక్యాలొస్తాయి. "ఆ రోజు పొద్దున్నే ఇంట్లో వంట ఎవరు చేశారు, మీరెక్కడికెళ్లారు?" అంటే అసలు విషయం వస్తుంది. ఒకరి మాటే తీసుకోకండి. ఇద్దరు ముగ్గురు చెప్పింది పక్కపక్కన పెట్టి ఎక్కడ తేడా ఉందో పిల్లలచేతే గుర్తు పెట్టించండి.

ఉదయగిరి కోటకు వెళ్లేవాళ్లు పొద్దున ఆరుకల్లా కొండెక్కడం మొదలుపెట్టాలి, మనిషికి మూడు లీటర్ల నీళ్లు ఉండాలి. పిల్లలను తీసుకెళ్లేముందు టీచర్లు ఒకసారి ఎక్కి చూసి రావాలి. ఇది తప్పనిసరి.

8. చేసినది నలుగురి ముందు పెట్టండి

ఆంధ్రప్రదేశ్ హిస్టరీ కాంగ్రెస్, దక్షిణ భారత హిస్టరీ కాంగ్రెస్, 1935 నుంచి నడుస్తున్న ఇండియన్ హిస్టరీ కాంగ్రెస్ ఏటా సమావేశాలు జరుపుతాయి. కాలేజీ లెక్చరర్లకే అనుకోవద్దు, సభ్యత్వం తీసుకుంటే బడి టీచర్లూ పత్రం చదవచ్చు. స్థానిక చరిత్ర మీద కొత్త ఆధారం ఉన్న పత్రాన్ని శ్రద్ధగా వింటారు. ఎనిమిది పేజీలు మించకుండా ఒకే ఊరి మీద, ఒకే ఆధారం మీద రాయండి. "నెల్లూరు జిల్లా చరిత్ర: ఒక పరిశీలన" లాంటి పేరు పెడితే ఎవరికీ ఉపయోగం ఉండదు.

సెలవు, అనుమతి ముందే చూసుకోండి. డబ్బు కట్టగానే గంటలో "అంతర్జాతీయ సెమినార్" సర్టిఫికెట్ పంపేవాటికీ, చదవకుండానే వ్యాసం అచ్చువేసే పత్రికలకూ దూరంగా ఉండండి.

9. కాగితాలు

ప్రతి శిక్షణకు నాలుగు కాగితాలు ఫోల్డరులో ఒకేచోట: పిలుపు ఉత్తర్వు, రిలీవింగ్ ఆర్డరు, హాజరు ధ్రువపత్రం, తిరిగి చేరిన రిపోర్టు. సెలవుల్లో జరిగిన శిక్షణ అయితే సంపాదిత సెలవుల సంగతి ఉత్తర్వులో ఉందా చూసి, బడి తెరిచిన వారంలోనే హెచ్ఎంకు దరఖాస్తు ఇవ్వండి. ఆలస్యమైతే అడగడానికే మొహమాటంగా ఉంటుంది, ఇవ్వడానికీ ఇబ్బంది. ఉన్నత చదువుల సర్టిఫికెట్లు సర్వీస్ రిజిస్టర్‌లో నమోదు చేయించి, ఆ పేజీ ఫొటో తీసుకోండి.

10. ఫలితం ఉందా లేదా ఎలా చూడాలి

శిక్షణ ముగిసిన మూడు వారాలలోపు అందులోని ఒక్క పద్ధతినైనా తరగతిలో పెట్టాలి. దాటితే మరిచిపోతారు. పెట్టేముందు అదే రకం ఐదు ప్రశ్నలతో 20 నిమిషాల చిన్న పరీక్ష, నెల తర్వాత అదే స్థాయి ఐదు కొత్త ప్రశ్నలతో ఇంకోటి పెట్టండి. మార్కుల సగటు మాత్రమే చూడకండి. ఖాళీగా వదిలిన జవాబులు ఎన్ని తగ్గాయి, పుస్తకంలో వాక్యం కాక సొంత వాక్యం రాసినవాళ్లు ఎంతమంది పెరిగారు అన్నవి లెక్కపెట్టండి. బాగా చదివే పదిమందికే మార్కులు పెరిగి మిగతావాళ్లు అక్కడే ఉంటే పద్ధతి మంచిదే, మీరు ఇచ్చిన ఆధారం కష్టమైంది. పేరాను సగానికి తగ్గించి, కఠినమైన మాటలకు పక్కన అర్థాలు రాసి మళ్లీ చేయండి.

తోటి టీచరును ఒక పీరియడు వెనక కూర్చోమనండి. పాఠం ఎలా ఉందో చెప్పమనొద్దు. "ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ" ప్రశ్నలు మీరెన్ని వేశారు, "ఎందుకు, ఎలా తెలుసు" ప్రశ్నలు ఎన్ని వేశారు, రెండే లెక్కపెట్టమనండి. ప్రశ్న వేశాక జవాబు మీరే చెప్పేసినవి విడిగా గీతలు పెట్టమనండి. మొదటిసారి ఆ గీతలు చాలానే ఉంటాయి. రెండు నెలల తర్వాత అదే మనిషిని, అదే తరగతికి మళ్లీ పిలవండి.